వినని వాడి దస్తఖత్

మా రాజుపాలెంలో మిరపకోతల కూలి తగాదా ఒకటి తేల్చడానికి ముగ్గురు పెద్దమనుషుల్లో నన్నూ ఒకడిగా కూర్చోమన్నారు. అసర్ నమాజు చేసుకుని వెళ్లేసరికి కూలీల మాట అయిపోయింది. రైతు చెప్పింది మాత్రం విన్నాను. కాగితం ముందుకు జరిపారు. మిగతా ఇద్దరూ సంతకాలు పెట్టారు కదా అని నేనూ దస్తఖత్ చేసేశాను. లేచి వస్తుంటే ఒక ముసలామె అడిగింది: "సాయిబుగారూ, నా మాట మీరెప్పుడు విన్నారు?"

నా దగ్గర జవాబు లేదు. ఇదే సవాలు ఒకప్పుడు సుప్రీంకోర్టు దాకా వెళ్లిందని తర్వాత చదివి తెలుసుకున్నాను.

1949లో బ్యాంకు ఉద్యోగులకూ యాజమాన్యాలకూ మధ్య ఝగడా తేల్చమని కేంద్ర ప్రభుత్వం కె.సి. సేన్ అధ్యక్షతన ట్రిబ్యునల్ వేసింది. విచారణ నడుమ ఒక సభ్యుడు భారత్-పాకిస్తాన్ సరిహద్దు తగాదాల ట్రిబ్యునల్ పని మీద వెళ్లారు. కొన్ని నెలలకు తిరిగొచ్చి, 1950లో ఫైసలా మీద అందరితోపాటు దస్తఖత్ చేశారు. 1951 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ ఫైసలా మొత్తం చెల్లదంది. రిష్వత్ మాట లేదు, తరఫ్‌దారీ మాట లేదు. అందరూ కూర్చుని వినాల్సింది కొందరే విన్నారు, అంతే. దాని ఖరీదు ఎవరు కట్టారు? ఉద్యోగులే. శాస్త్రి ట్రిబ్యునల్ ముందు కథ మళ్లీ మొదలైంది. 1953లో ఆ ఫైసలా, 1954లో అప్పీలు ఫైసలా వచ్చాయి.

అదీ నిలవలేదు. 1954 ఆగస్టులో ప్రభుత్వమే దాన్ని ఉద్యోగులకు నష్టం వచ్చేలా మార్చింది. అప్పుడు కేంద్ర కార్మిక మంత్రి వి.వి. గిరి. బరంపురంలో పుట్టిన తెలుగువాడు, రైల్వే మజ్దూర్ల మధ్య పనిచేసిన మనిషి. రెండు పక్షాల్నీ విని చెప్పిన ఫైసలాను హుకూమత్ దిద్దితే, ఇక ఏ మజ్దూర్ నమ్మి వస్తాడు? ఆయన పదవి వదిలేశారు.

ఉర్దూలో రాజీనామా అంటే ఇరుపక్షాలూ ఒప్పుకున్న ఒడంబడిక కాగితం. ఉద్యోగం వదలడాన్ని ఇస్తీఫా అంటాం. తెలుగులో రాజీనామాకే ఆ అర్థం వచ్చింది. మొదటి కాగితానికి ఇజ్జత్ పోతే రెండోది రాయాల్సి వస్తుందని గిరిగారి కథ చెబుతోంది.

1956లో పారిశ్రామిక వివాదాల చట్టంలో 10ఏ సెక్షన్ చేర్చారు. మాలిక్, మజ్దూర్ కలిసి రాతపూర్వకంగా తమ సాలిస్‌ను, అంటే మధ్యవర్తిని, ఎంచుకోవచ్చని ఆ సెక్షన్ చెప్పింది. కానీ ఎంచుకున్నవాడు వినాలని నేర్పడానికి చట్టం దాకా పోనక్కర్లేదు. హజ్రత్ అలీ (రజి)ని యమన్‌కు ఖాజీగా పంపుతూ ప్రవక్త (స) చేసిన నసీహత్ అదే: రెండో పక్షం మాట కూడా వినేదాకా ఫైసలా చెప్పొద్దు. మధ్యవర్తి దస్తఖత్ ఒక అమానత్. "నేను విన్నాను" అని అతడు ఇచ్చే గవాహీ అది.

మర్నాడు ఆ ముసలామె ఇంటికి వెళ్లి అరుగు మీద కూర్చుని విన్నాను. ముందురోజు అందరి తరఫునా మేస్త్రీ ఒక్కడే మాట్లాడాడట. ఆమె రెండు రోజుల కూలి లెక్కలోకే రాలేదు. మిగతా ఇద్దరు పెద్దమనుషుల్నీ పిలిచి, కాగితం మళ్లీ రాయించాను.