మడమ నుండి ఒక్క రక్తపు బొట్టు

బిడ్డ పుట్టెను, ఏడ్చెను, పాలు త్రాగెను. బరువు సరిగానే ఉన్నది. తల్లికి గాని వైద్యునకు గాని లోపమేమియు కనబడదు. అయినను ఆ బిడ్డ మెడలోని అవటు గ్రంథి, అనగా థైరాయిడ్, పని చేయకుండవచ్చును. కడుపులో ఉన్నంతకాలము తల్లి థైరాక్సిన్ కొంత మాయ గుండా బిడ్డకు చేరి లోటును కప్పిపుచ్చును. పుట్టిన పిదప ఆ సాయము ఆగిపోవును. కొన్ని వారములకో నెలలకో నిద్రమత్తు, బొంగురు ఏడుపు, మలబద్ధకము, లావైన నాలుక కానవచ్చును. అప్పటికే మెదడు ఎదుగుదలకు ముఖ్యమైన కాలము కొంత గడచిపోవును. పోయిన దానిని ఏ మందును పూర్తిగా తిరిగి తేజాలదు. మరి లక్షణములు కనబడకముందే దీనిని పట్టుకొనుట ఎట్లు?

ఈ ప్రశ్నకు జవాబు వేరొక వ్యాధి ద్వారా దొరకినది. 1934లో నార్వే వైద్యుడు ఆస్బ్యోర్న్ ఫోలింగ్ బుద్ధి ఎదగని ఇద్దరు పిల్లలను పరీక్షించెను. వారి వద్ద ఒక వింత వాసన వచ్చుచుండెనని తల్లి చెప్పినది. ఆయన వారి మూత్రములో ఫెర్రిక్ క్లోరైడ్ కలుపగా అది ముదురు ఆకుపచ్చగా మారినది. అందు ఫినైల్ పైరువిక్ ఆమ్లము ఉన్నదని ఆయన తేల్చెను. ఆహారములోని ఫినైల్ అలనిన్‌ను శరీరము మార్చుకొనలేకపోవుటయే ఈ వ్యాధికి మూలము. దీనినే ఫినైల్ కీటోన్యూరియా అందురు. బుద్ధిమాంద్యమునకు రసాయనిక కారణము ఉండవచ్చునని లోకము అప్పుడు స్పష్టముగా చూచినది. ఆ తల్లి మాటను ఆయన కొట్టిపారవేసియుండిన ఏమగునో!

మూత్ర పరీక్షలో ఒక చిక్కు కలదు. ఆ ఆమ్లము కొన్ని వారములకు గాని మూత్రములో తగినంత కనబడదు. అమెరికాలో రాబర్ట్ గత్రీ ఈ చిక్కును విప్పెను. ఆయన కుమారునకు బుద్ధి ఎదగలేదు, దగ్గరి బంధువుల బిడ్డకు ఈ వ్యాధియే కలదు. శిశువు మడమను పొడిచి ఒకటి రెండు రక్తపు బొట్లను వడపోత కాగితముపై ఆరబెట్టెను. బాక్టీరియా పెరుగకుండ అడ్డు పదార్థము కలిపిన పళ్ళెములో ఆ కాగితపు బిళ్ళను ఉంచెను. రక్తములో ఫినైల్ అలనిన్ ఎక్కువైనచో ఆ అడ్డు ఓడిపోయి, బిళ్ళ చుట్టును బాక్టీరియా వలయముగా పెరుగును. ఈ పద్ధతి 1963లో ప్రకటింపబడినది. ఆరిన కాగితమును కవరులో పెట్టి టపాలో పంపవచ్చును గదా! ఈ పద్ధతిలోని అసలు గొప్ప అదియే. 1970ల నడుమ కెనడాలోని క్వెబెక్‌లో జీన్ డస్సో అదే కాగితపు బొట్టు నుండి థైరాక్సిన్‌ను కొలిచి చూపెను.

ఇక మన నగరమునకు వత్తము. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరచినది 1998లో. అంతకు రెండేండ్ల ముందు, 1996లో, హైదరాబాదులోనే డి.ఎన్.ఎ. ఫింగర్ ప్రింటింగ్, రోగనిర్ధారణ కేంద్రము, అనగా సి.డి.ఎఫ్.డి., పని ప్రారంభించినది. నగరమునకు ఎక్కువ పేరు తెచ్చినది మొదటిది. రెండవదాని పని తక్కువదని మాత్రము నేననుకొనను. అచ్చటి రాధా రమాదేవి, నౌషాద్‌లు నగరములోని నాలుగు పెద్ద ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులలో పుట్టిన 18,300 శిశువుల రక్తపు బొట్లను పరీక్షించి, 2004లో ఫలితములను ప్రకటించిరి. పుట్టుకతో వచ్చు థైరాయిడ్ లోపము ఇంచుమించు 1,700 మందిలో ఒకరికి కనబడినది. పాశ్చాత్య దేశములలో అప్పటికి సామాన్యముగా చెప్పు లెక్క మూడు నాలుగు వేలకు ఒకరు. అడ్రినల్ గ్రంథికి చెందిన పుట్టు లోపము 2,575 మందిలో ఒకరికి ఉండెను. ఇతర దేశముల జాబితాను తెచ్చి ఇచ్చట అట్లే అతికించుట చాలదని ఈ అంకెలు తెలుపుచున్నవి. ఏ వ్యాధిని ముందు వెదకవలెనో మన శిశువుల రక్తమే చెప్పవలెను.

కారణములను గూర్చి తరగతిలో తప్పక ప్రశ్న వచ్చును. థైరాయిడ్ లోపము గల శిశువులలో ఎక్కువమందికి గ్రంథియే సరిగా ఏర్పడదు. ఇది చాలవరకు వంశపారంపర్యము కాదు. కొందరికి గ్రంథి ఉండియు హార్మోను తయారు కాదు. ఇదియు, ఫినైల్ కీటోన్యూరియాయు, అడ్రినల్ లోపమును సామాన్యముగా అంతర్గత జన్యువుల వలన కలుగును. అనగా తల్లిదండ్రు లిరువురి నుండియు లోపము గల జన్యువు వచ్చిననే వ్యాధి. మేనరికమునకు ఇచ్చట సంబంధము కలదు. ఒకే పూర్వికుని జన్యువు ఇరువైపుల నుండి బిడ్డకు చేరు అవకాశము మేనమామ, మేనకోడలి సంతానములో 1/8. మేనత్త, మేనమామ పిల్లల నడుమ పెండ్లి అయినచో 1/16. మేనరికము చేసికొన్న వారందరి బిడ్డలకు వ్యాధి వచ్చునని దీని అర్థము కాదు. తల్లి గ్రహణము చూచినదనియో, ఏదో తిన్నదనియో నిందించుటకు మాత్రము ఈ లెక్కలో చోటు లేదు.

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమములో థైరాయిడ్ లోపము చేరినది, కాని ఐచ్ఛికముగా. పరీక్షకు సమయమును ముఖ్యము. పుట్టిన వెంటనే శిశువు రక్తములో థైరాయిడ్‌ను ప్రేరేపించు హార్మోను సహజముగానే ఎగసిపడును. తొందరపడి తీసిన బొట్టు లేని వ్యాధిని చూపవచ్చును. అందుచేత హైదరాబాదు అధ్యయనములో 24 గంటలు దాటిన పిదపనే రక్తము తీసిరి. ఫలితము వచ్చుసరికి తల్లి బిడ్డతో పుట్టింటికి పోయియుండును. కార్డుపై అత్తవారింటి చిరునామా ఒక్కటియే ఉన్నచో బిడ్డను వెదకుటలో రోజులు గడచిపోవును. రెండు చిరునామాలును వ్రాసికొనుట మంచిది. బిడ్డ దొరకిన పిదప సిర నుండి రక్తము తీసి మరల పరీక్షింతురు. లోపము నిజమైనచో వైద్యుడు చెప్పిన మోతాదు థైరాక్సిన్ మాత్రను నలిపి, కొద్దిపాటి తల్లిపాలలో కలిపి, చెంచాతో ప్రతి దినము పట్టవలెను. మొదటి రెండు వారములలోనే ఇది ప్రారంభమగుట మేలు.