గన్నవరం దారిలో చౌక సైకిలు

"డాక్టరు గారూ, షుగరు హద్దు దాటిందన్నారు. సైకిలు తొక్కితే మంచిదట కదా! కిందికి వంగిన హ్యాండిలు, సన్నని టైర్లు ఉన్న రోడ్డు సైకిలు ఇరవై, పాతిక వేలలో దొరుకుతోంది. కొనమంటారా?"

నడివయసు మిత్రులు ఈ మధ్య నన్ను తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది. కొనండి అనో, వద్దు అనో చెప్పి ఊరుకోవచ్చు. అయితే ఇలా అడిగిన ప్రతిసారీ నాకు వారి తాతగారి తరం గుర్తుకు వస్తుంది. గన్నవరం, కేసరపల్లి, ముస్తాబాద, వీరపనేనిగూడెం వంటి గ్రామాలలో ఆ తరం వారు సైకిలు కొన్నది వైద్యుని సలహా మీద కాదు. పొలానికి, బడికి, బజారుకు, వియ్యంకుని ఊరికి వెళ్ళడానికి కొన్నారు. వ్యాయామం అనే మాట వారి నోట వచ్చేది కాదు. అది రోజూ జరిగిపోయేది, అంతే. ఆ చౌక సైకిలు మన ప్రాంతానికి ఎలా వచ్చిందో, ఎలా వెళ్ళిపోయిందో తెలిస్తే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

రెండు చక్రాలూ సమానంగా, వెనుక చక్రాన్ని గొలుసు తిప్పే నేటి రూపాన్ని 1885లో ఇంగ్లండులోని కోవెంట్రీ నగరంలో జాన్ కెంప్ స్టార్లీ స్థిరపరచాడు. గాలి నింపిన టైరును 1888లో బెల్‌ఫాస్టులో జాన్ బాయ్డ్ డన్‌లప్ తయారు చేశాడు. తన కుమారుని మూడు చక్రాల బండి కుదుపులు తగ్గించడానికి చేసిన ప్రయత్నం అది. డన్‌లప్ వృత్తిరీత్యా పశువైద్యుడు. పశువైద్య కళాశాల ఉన్న గన్నవరం వాసులు ఈ సంగతిని కాస్త గర్వంగానే చెప్పుకోవచ్చు!

సైకిలుకు కృష్ణా డెల్టా కంటే అనువైన నేల దొరకడం కష్టం. 1855 నాటికి బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తయింది. కాలువలు వచ్చాయి, కాలువలతో పాటు గట్లు వచ్చాయి. గన్నవరం ప్రాంతంలో ఏలూరు కాలువకు దిగువన మాగాణి, ఎగువన మెట్ట. మాగాణిలో ఎక్కుడు దిగుడులు లేవు. గేర్లు లేని ఇరవై కిలోల బండిని కూడ మామూలు మనిషి ఆయాసం లేకుండా తొక్కుకుపోగలడు. సమతలం మీద సైకిలు తొక్కడానికి, అదే దూరం నడవడానికి అయ్యే శక్తిలో సుమారు ఐదో వంతు చాలు. రోజుకు ఆరేడు మైళ్ళు నడిచే మనిషికి ఇది ఎంత వెసులుబాటో ఊహించండి.

కాని మొదట్లో అది కలవారి వాహనం. ఇంగ్లండు నుండి దిగుమతి కావలసినదే. స్వాతంత్ర్యం వచ్చాక పరిస్థితి మారింది. 1949లో మద్రాసు వద్ద అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్ ఏర్పడి హెర్క్యులిస్ బళ్ళను ఇక్కడే తయారు చేయసాగింది. బెంగాలులోని అసన్‌సోల్ నుండి సెన్-ర్యాలీ, 1951లో మొదలైన అట్లాస్ సోనీపత్ నుండి, 1956లో మొదలైన హీరో లూధియానా నుండి వచ్చాయి. సన్నకారు రైతు, బడిపంతులు, తపాలా బంట్రోతు, పాలు పోసేవాడు కూడ కూడబెట్టుకొని కొనగల వస్తువుగా సైకిలు మారింది. అయినా కొనడం చిన్న విషయమేమీ కాదు. పెళ్ళికొడుకు అలిగి అడిగే వాటిలో చేతి గడియారం, రేడియోలతో పాటు సైకిలు కూడ ఉండేదని మీ ఇంటి పెద్దలను అడిగితే చెబుతారు.

కొన్నవారి అనుభవాలు ఏమిటి? బండి బరువు, కాని విరగదు. ఫ్రేము మీద వడ్ల బస్తా, క్యారియరు మీద గడ్డిమోపు, రెండు పక్కలా పాల క్యాన్లు, ముందు కడ్డీ మీద పిల్లవాడు. పంచరు పడితే ఊరిలోనే అతుకు వేసేవాడు ఉంటాడు. ఏడాదికి ఒకసారి ఓవరాయిలింగు; అంటే బండిని పూర్తిగా విప్పి, కడిగి, గ్రీసు పెట్టి, అరిగిన బాల్సు మార్చి మళ్ళీ బిగించడం. పురపాలక సంఘాలు సైకిలుకు పన్ను వేసి ఇత్తడి బిళ్ళ ఇచ్చేవి. రాత్రి దీపం లేకపోయినా, వెనుక ఇంకొకరిని ఎక్కించుకున్నా పోలీసు ఆపేవాడు. సొంతానికి లేనివారికి అద్దె సైకిళ్ళ షాపు ఉండనే ఉంది. సీటు అందని పిల్లలు కడ్డీ కింది సందులోంచి కాలు దూర్చి, ఒంకరగా వేలాడుతూ సగం సగం తొక్కి నేర్చుకునేవారు. మోకాళ్ళ మీద ఆ మచ్చలు ఉన్న పాఠకులు ఇప్పుడు నవ్వుకుంటూ ఉంటారు.

గన్నవరం పేరు చెప్పి సైకిలు గురించి మాట్లాడుతూ పుచ్చలపల్లి సుందరయ్య గారిని వదిలిపెట్టడం భావ్యం కాదు. ఆయన 1952లో రాజ్యసభకు వెళ్ళారు. 1955, 1962, 1978 ఎన్నికలలో గన్నవరం నుండి శాసనసభకు ఎన్నికయ్యారు. పార్లమెంటుకూ శాసనసభకూ సైకిలు మీదనే వెళ్ళిన నాయకునిగా తెలుగువారు ఆయనను నేటికీ తలచుకుంటారు. ఆయన రాజకీయాలతో ఏకీభవించని వారు కూడ ఈ ఒక్క విషయం చెప్పేటప్పుడు గొంతు తగ్గిస్తారు. ఆయన సైకిలెక్కింది గుండె కోసం కాదు. తనను ఎన్నుకున్న మనిషి ఎక్కే బండే తనకూ చాలునని.

సరిగ్గా ఆ కాలంలోనే లండనులో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు ఒక విచిత్రమైన సంగతి గమనించాడు. రెండంతస్తుల బస్సులలో రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే, మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెపోటు తక్కువ. ఈ పరిశోధన 1953లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. శరీర శ్రమకూ గుండెకూ గల సంబంధాన్ని లెక్కలతో చూపిన తొలి పరిశోధనలలో అది ఒకటి. తరువాత 2000లో కోపెన్‌హాగెన్ నుండి వచ్చిన అధ్యయనంలో, పనికి సైకిలు మీద వెళ్ళని వారిలో మరణాల రేటు వెళ్ళేవారి కంటే 39 శాతం అధికంగా కనిపించింది. తీరిక వేళల వ్యాయామాన్ని లెక్కలోంచి తీసివేసిన తరువాత కూడ ఆ తేడా నిలిచింది. అంటే ఫలితం వచ్చింది ఆదివారపు షికారు వల్ల కాదు, రోజువారీ రాకపోకల వల్ల.

ఇంతమాత్రాన పాత రోజులన్నీ ఆరోగ్యకరమని నేను అనడం లేదు. ఆనాటి సైకిలు మనిషికి క్షయ వచ్చేది, నులిపురుగుల వల్ల రక్తహీనత వచ్చేది, చుట్ట పొగ గుండెను తినేది. కడుపునిండా తిండి లేనివాడు మోయలేని బరువు తొక్కితే దానిని వ్యాయామం అనడం అన్యాయం. తిండి పెరిగిన కాలంలో శ్రమ కూడ మిగిలి ఉంటే బాగుండేది. మన దురదృష్టం ఏమిటంటే, ఒకటి వచ్చే వేళకు మరొకటి వెళ్ళిపోయింది.

అది వెళ్ళిన తీరు వేగంగా సాగింది. 1972లో లూనా, 1980లో టి.వి.ఎస్. 50, 1985లో హీరో హోండా సి.డి. 100 వచ్చాయి. సైకిళ్ళు అమ్మిన హీరో కుటుంబమే మోటారు సైకిలునూ అమ్మింది. ఎండలో తొక్కి తొక్కి అలసిన మనిషి ఇంజను కోరుకోవడంలో తప్పేముంది? గన్నవరం నుండి విజయవాడకు ఇరవై కిలోమీటర్లు. సైకిలు మీద గంటంపావు పట్టే దారి అరగంటకు దిగింది. 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినోత్సవం నాడే, అట్లాస్ వారి సాహిబాబాద్ కర్మాగారం ఆగిపోయిందన్న వార్త చదివినవారికి అది గుర్తుండే ఉంటుంది.

ఒక్కచోట మాత్రం కథ ముందుకు సాగింది. ఆడపిల్లలు. బీహారు ప్రభుత్వం 2006 నుండి ఉన్నత పాఠశాల బాలికలకు సైకిళ్ళు ఇచ్చింది. చేరిన బాలికల సంఖ్య సుమారు 30 శాతం పెరిగినట్లు కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ చూపారు. మన రాష్ట్రంలోనూ 'బడికొస్తా' పేరిట బాలికలకు సైకిళ్ళు అందాయి. అవి ఖరీదైన బళ్ళు కావు. తాతగారి బండి వలెనే అవీ ఒక పని కోసం వచ్చాయి, కనుకనే తిరిగాయి.

ఇక మీ రోడ్డు సైకిలు. పది పన్నెండు కిలోల బరువు, గేర్లు, సన్నని టైర్లు, తేలికగా పరుగెత్తుతుంది. కొన్నవారు చెప్పేవి కొన్ని ఉన్నాయి. మొదటి నెల ఉత్సాహం. ఆ తరువాత మెడనొప్పి, నడుమునొప్పి, ఉంగరపు వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కడం. మణికట్టు దగ్గర నరం మీద ఒత్తిడి పడడం వల్ల వచ్చే తిమ్మిరి అది. మడ్‌గార్డు లేదు, క్యారియరు లేదు, వానకు వీపంతా బురద. చివరకు బాల్కనీలో బట్టలు ఆరవేసే స్టాండవుతుంది. ఇందులో బండి తప్పు తక్కువ. వంగి తొక్కే బండిని, నిటారుగా కూర్చునే అలవాటున్న యాభై ఏళ్ళ నడుము ఒక్కసారిగా అంగీకరించదు.

కాబట్టి వంగిన హ్యాండిలు తప్పనిసరి అనుకోకండి. తిన్నని హ్యాండిలు, కాస్త వెడల్పు టైరు, క్యారియరు, మడ్‌గార్డు ఉన్న బండి మన దారులకు చాలు. రోడ్డు సైకిలే కావాలంటే మీ ఎత్తుకు తగిన ఫ్రేము ఎంచుకోండి. పెడలు అట్టడుగున ఉన్నప్పుడు దాని మీద మడమ ఆనిస్తే కాలు నిటారుగా ఉండేటట్లు సీటు పెట్టించుకోండి. జాతీయ రహదారి వదిలి కాలువగట్టు దారి పట్టండి. హెల్మెట్టు, వెనుక ఎర్ర దీపం మానకండి. ఇన్సులిన్ గానీ, చక్కెరను బాగా తగ్గించే మాత్రలు గానీ వాడేవారు జేబులో చక్కెర ఉంచుకోవాలి, ఉత్త పాదాలతో తొక్కకూడదు. ఎక్కే ముందు ఒకసారి మీ వైద్యునికి చూపించుకోండి. తొక్కేటప్పుడు గుండెలో బరువనిపిస్తే దిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. వారానికి 150 నిమిషాలు లక్ష్యం. రోజూ కూరగాయలకో, పాలకో వెళ్ళే దూరం రానూ పోనూ కలిపి ఇరవై నిమిషాలైతే అది దాదాపు పూర్తయినట్లే. కొనే ముందు మీ ఇంటి నుండి రైతుబజారుకు ఎంత దూరమో చూసుకొని రండి.