చదివిన చదువు – వినిన చదువు

గ్రంథమును కంటితో చదువుట మేలా, చెవితో వినుట మేలా అను చర్చ ఈనాడు తరచుగా వినవచ్చుచున్నది. నవలలను, జీవిత చరిత్రలను చదివి వినిపించు సదుపాయము చేతిలోని ఫోనులోనికే వచ్చినది. పుటలు త్రిప్పు అలవాటు గలవారు కొందరు దీనిని సోమరుల చదువనుచున్నారు. ఇంటిపని, బయటిపని నడుమ తీరిక దొరకనివారు తమకు మిగిలిన చదువిదియే యనుచున్నారు. ఈ తగవు కొత్తదిగా కనిపించును గాని, మన సీమలో దీనికి అయిదువందల యేండ్లకు పైబడిన చరిత్ర కలదు.

రేణిగుంటలో బండి దిగి తిరుపతికి మరలు యాత్రికులను ఈ ప్రాంతమువారు నిత్యము చూచుచున్నారు. బొంబాయి మార్గమున వచ్చు బండ్లు రాజంపేట, కోడూరు దాటి ఇచ్చటికి చేరును. ఆ రాజంపేట చెంతనే తాళ్లపాక గ్రామమున్నది. 1408లో అచ్చట జన్మించిన అన్నమయ్య బాల్యముననే ఇల్లు విడిచి, యాత్రికులతో గూడి కొండకు నడచి వచ్చెనని ఆయన మనుమడు చిన్నన్న తన ద్విపద కావ్యమున చెప్పెను. తాతగారు రచించిన సంకీర్తనలు 32,000 అని కూడ ఆతడే వ్రాసెను. 1503లో అన్నమయ్య పరమపదించెను. ఆయన కుమారుడు పెదతిరుమలాచార్యుల పూనికతో ఆ సంకీర్తనలు రాగిరేకులకెక్కినవి. తిరుమల ఆలయములోనే వానికొక సంకీర్తన భాండారము ఏర్పడినది.

తాటియాకు గ్రంథమునకు పురుగు భయమున్నది. కొన్ని తరముల కొకమారు ప్రతి వ్రాసికొనక తప్పదు. రాగికి ఆ భయము లేదు. గ్రంథమును నిలుపుటకు ఇంతటి వ్యయమునకు, ఇంతటి శ్రమకు ఓర్చిన కుటుంబములు మన వాఙ్మయ చరిత్రలో అరుదు. అయితే ఆ రేకులపై నున్నదేమి? పాట మాటలు, వానిపైన రాగము పేరు. ఆ రాగమున ఆ పాటను నడిపించు తీరు, అనగా స్వరము, అందు లేదు. దానిని వ్రాయవలసిన అవసరము ఆనాటివారికి తోచియుండదు. గురువు పాడగా శిష్యుడు, తండ్రి పాడగా కుమారుడు విని నేర్చుకొనుచుండిరి. మాటను రాగికిని, పాటను చెవికిని అప్పగించిరన్నమాట.

కాలక్రమమున పాడువారు తగ్గిరి. భాండారము లోకమునకు మరుగుపడినది. అయినను దానిని గూర్చిన వార్త మాత్రము పూర్తిగా అణగలేదు. మద్రాసులో కంపెనీ ఉద్యోగియైన ఏ. డి. కాంబెల్ దొర 1816లో తన తెలుగు వ్యాకరణమును ప్రకటించెను. తిరుపతి కొండపై వేలకొలది రాగిరేకులలో కావ్యములున్నవని విని, వానిని చూచి రమ్మని యొక మనుష్యుని పంపినట్లు ఆయన తన పీఠికలో వ్రాసెను. వెళ్లినవానికి వ్యాకరణ సంబంధమైన గ్రంథమొకటి దొరకినది. దానికి ప్రతి వ్రాయించిరి. తక్కినవన్నియు దేవుని స్తుతించు పాటలేయని తేల్చి విడిచిపెట్టిరి. కాంబెల్ తెలుగునకు మేలు చేసినవాడే. ఆయన వెదకినది వ్యాకరణము, దొరకినదియు వ్యాకరణమే. అక్షరములు తెలిసిన కన్నులు ఆ రేకులపై ప్రసరించినవి గాని, వానిని పాటగా వినగల చెవి ఆ దినమున అచ్చట లేదు. మరల నూరేండ్లకు పైగా అవి నిశ్శబ్దముగానే యుండినవి.

ఇరువదవ శతాబ్దమున దేవస్థానమువారు రేకులను వెలికి దీయించి, 1930ల నుండి వానిని అచ్చువేయించసాగిరి. 1939లో తిరుపతియందు శ్రీ వేంకటేశ్వర ప్రాచ్య పరిశోధన సంస్థ వెలసినది. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారు, వేటూరి ప్రభాకరశాస్త్రి గారు ఈ వాఙ్మయమునకై పాటుపడిరి. చిన్నన్న ద్విపదను పరిష్కరించి, విపులమైన పీఠికతో లోకమున కందించినవారు ప్రభాకరశాస్త్రి గారే. రేకులు రెండువేలకు పైగా లభించినను, వానిలోని అన్నమయ్య పాటలు పదునాలుగు వేలకు మించవు. చిన్నన్న చెప్పిన లెక్క నిజమైనచో సగమునకు పైగా పోయినవి. మిగిలినవానికిని స్వరము లేదు.

ఈ దశలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు తిరుపతికి వచ్చిరి. ఆయన సాహిత్యమును, సంగీతమును సమానముగా సాధించినవారు. ప్రతి పాటను ముందు కావ్యముగా చదివి, పిదప దాని భావమునకు తగిన స్వరమును కూర్చి, నూటికి పైగా సంకీర్తనలను స్వరసహితముగ ప్రకటించిరి. అవి అన్నమయ్య పాడిన వరుసలని యెవరును చెప్పజాలరు. ఆ వరుసలు వినినవారితోనే పోయినవి. కాని శర్మగారి కృషి వలన రేకు మరల నోరు విప్పినది. ఆ పిమ్మట 1978లో అన్నమాచార్య ప్రాజెక్టు ఏర్పడినది. నేడు అక్షరము రాని యవ్వ కూడ ఆ పాటలను కూనిరాగము తీయగలుగుచున్నది.

ఈ చరిత్ర మనకు చెప్పునది స్పష్టము. వినికిడి లేక అక్షరము మూగవోయినది. అక్షరము లేక వినికిడి అంతరించినది. కావున చదువుట గొప్పయా, వినుట గొప్పయా యన్న ప్రశ్నయే సరియైనది కాదు.

మన పెద్దలకు ఈ సంగతి తెలియును. అన్నమయ్య భార్య తిమ్మక్క రచించిన సుభద్రా కల్యాణము మంజరీ ద్విపదలో నున్నది. ద్విపద పాడుటకును, వినుటకును అనువైన ఛందస్సు. గ్రామములలో పురాణ కాలక్షేపము జరుగునపుడు ఒకరు పద్యము చదువగా, వేరొకరు అర్థము చెప్పుచుండిరి. వినువారు సందేహము కలిగినచోట ఆపి అడుగుచుండిరి. 1961 జనాభా లెక్కల నాటికి కూడ ఆంధ్రప్రదేశమున అక్షరాస్యులు నూటికి ఇరువది యొక్కరే. తక్కినవారందరు జ్ఞానహీనులు కారు. భారత భాగవతములలోని ధర్మసూక్ష్మములను తర్కించగలిగిన రైతులు ఆ డెబ్బదితొమ్మిది మందిలో నుండిరి. వారికి విద్య చెవి ద్వారముననే వచ్చినది.

అయితే వారి వినికిడికిని, నేటి మన వినికిడికిని ఒక భేదమున్నది. వారు పదిమంది నడుమ వినిరి; అడుగుటకు మనుష్యుడు ఎదుట నుండెను. చెవిలో పెట్టుకొన్న పరికరము మనము అర్థము చేసికొన్నామో లేదో చూడక సాగిపోవును. రేడియోలో పనిచేయు మాకు ఈ చిక్కు బాగుగ తెలియును. పాఠకుడు పుటను వెనుకకు త్రిప్పగలడు, శ్రోత త్రిప్పలేడు. అందుచేతనే ప్రసంగము వ్రాయునపుడు ప్రతి వాక్యమును పైకి చదివి చూచుకొందుము. ప్రసారమైన ప్రసంగమును ఈ పత్రికలో ముద్రించుటకును కారణమదియే. వినునపుడు జారిపోయిన మాటను చదువరి ఇచ్చట పట్టుకొనవచ్చును.

మన యిండ్లలో దీనికి పెద్ద యేర్పాటు అక్కరలేదు. రాత్రి భోజనములైన పిదప పావుగంట చాలును. ఒక పుస్తకమును ఇంటిలోని పిల్లవాడు పైకి చదువవలెను; అమ్మమ్మయో, తాతయో, పని ముగించుకొని వచ్చిన తల్లియో వినవలెను. తెలియనిచోట ఆపవలెను. నలుగురికి చదివి వినిపించువాడు అర్థము కాని వాక్యమును దాటిపోజాలడు. అదియే అతనికి చదువు. వినువారు తమ యనుభవమునుండి ఒక మాట చేర్తురు. అది పుస్తకములో లేని చదువు. ఫోనులో వినినను సరే, మరునాడు ఆ పుస్తకమును తెరచి నచ్చిన ఘట్టమును మరల చదువుకొన్నచో వినినది మనస్సున నిలుచును.

తాళ్లపాకవారు తమ పాటలను రాగిపై చెక్కించగలిగిరి. మనకంత శక్తి లేకున్నను, చదివినదానిని ఇంకొకరికి వినిపించు శక్తి ప్రతి యింటను కలదు.