గృహస్థుని కుండ – గుత్తదారుని యంగడి

1938వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన కడప, చిత్తూరు జిల్లాలలో మద్యనిషేధ శాసనము అమలులోనికి వచ్చెను. అంతకు సరిగా ఒక సంవత్సరము ముందు రాజగోపాలాచారిగారి మంత్రివర్గము సేలము జిల్లాలో ఈ ప్రయత్నమును ప్రారంభించియుండెను. ఆంధ్రజిల్లాలలో మొట్టమొదట కల్లుసారాయంగళ్లు మూతపడినది వానలు చాలని ఈ రెండు సీమలలోనే యని మనవారు తఱుచుగా గర్వముతో చెప్పుకొందురు. ఆ గర్వము తగినదే. కాని అంగడి మూయుటను గూర్చి ఆలోచించునప్పుడు అంగడి తెఱవబడిన కథను కూడ తెలిసికొనుట అవసరము. అంగడి పుట్టక పూర్వము మద్యము ఎక్కడ తయారగుచుండెను? ఎవరు చేయుచుండిరి? ఎవరితో కలసి త్రాగుచుండిరి? ఈ ప్రశ్నలకు సమాధానము గృహస్థుని యింటి కుండలో నున్నది. ఆ కుండ చరిత్రయే ఈ వ్యాసమునకు విషయము.

మొదట ఒక భేదమును స్పష్టముగా గ్రహింపవలెను. పులియబెట్టుట వేఱు, కాచుట వేఱు. తీపి గల ద్రవమును కొంతకాలము నిలువయుంచినచో కంటికి కనబడని సూక్ష్మజీవులు ఆ తీపిని తిని మద్యసారముగా మార్చును. ఫ్రాన్సుదేశపు పండితుడు లూయీ పాశ్చరు 1876లో బీరును గూర్చి వ్రాసిన గ్రంథమున దీనిని విశదపఱచెను. ఈతకల్లు, తాటికల్లు తమంతట తామే పులియును. ధాన్యములో తీపి లేదు, గంజియే కలదు. గింజను నానబెట్టి మొలకెత్తించినచో ఆ మొలకలోని శక్తి గంజిని తీపిగా మార్చును. దానిని ఎండించి, దంచి, వేడినీట కలిపి, వడగట్టి పులియబెట్టినదే బీరు. కల్లులోగాని బీరులోగాని మద్యసారము సామాన్యముగా నూటికి నాలుగైదు పాళ్లు. అట్లు పులిసినదానిని బట్టీమీద నెక్కించి ఆవిరిని పట్టి చల్లార్చినది సారా. అందు మద్యసారము అనేక రెట్లు హెచ్చును. కుండ ఇంటివస్తువు, బట్టీ వ్యాపారవస్తువు. ఈ రెంటిని ఒకే పేరుతో పిలుచుటవలన మన చర్చలలో చాల గందరగోళము కలుగుచున్నది.

మన పూర్వులకు ధాన్యమద్యము తెలియనిది కాదు. సౌత్రామణి యను శ్రౌతకర్మయందు సుర కావలెను. మొలకెత్తిన వరి, మొలకెత్తిన యవలు, పేలాలు, నగ్నహువను పులిమందు దాని సంభారములు. నేటి బీరు చేయువాడు ఈ జాబితాను చూచినచో తన పనిని వెంటనే గుర్తుపట్టును. మఱియొకవైపు ధర్మశాస్త్రకారులు సురాపానమును మహాపాతకములలో చేర్చిరి. మనువు బెల్లపుది, పిండిది, ఇప్పపూవుది యని సురను మూడు విధములుగా విభజించి ద్విజులకు నిషేధించెను. నిషేధమును ఇంత వివరముగా చెప్పవలసివచ్చిన దనగా ఆ వస్తువు ఇండ్లలో ఎంత పరిచితమో ఊహింపవచ్చును.

అంతకంటె విలువైన సాక్ష్యము కౌటిల్యుని అర్థశాస్త్రమున కలదు. మైసూరు పండితుడు శామశాస్త్రిగారు 1909లో దీనిని ముద్రించి లోకమునకు వెల్లడించిరి. అందు ద్వితీయాధికరణమున సురాధ్యక్షుని ప్రకరణము కలదు. మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అని ఆఱు విధముల మద్యములను పేర్కొని, వాని పాళ్లను కూడ చెప్పెను. మేదకమునకు ద్రోణము నీరు, అర్ధాఢకము బియ్యము, మూడు ప్రస్థల కిణ్వము. ద్రోణమునకు పదునాఱు ప్రస్థలు గనుక, పదునాఱు పాళ్ల నీటికి రెండు పాళ్ల బియ్యము, మూడు పాళ్ల పులిమందు అన్నమాట. కిణ్వమును మినుములతోను బియ్యముతోను కట్టవలెనని చెప్పి, సురాకిణ్వములను సమకూర్చు పనిని స్త్రీలకును పిల్లలకును అప్పగించెను.

కౌటిల్యుడు రాజునకు రావలసిన కాసును విడిచిపెట్టువాడు కాడు. మద్యవిక్రయమును రాజాధికారమున నుంచి, దొంగతనముగా చేసినవారికి జరిమానా విధించెను. అట్టివాడు సైతము గృహస్థులు తమ యింటి కార్యములందు తెల్లసురను, మందుకొఱకు అరిష్టమును చేసికొనవచ్చునని అనుమతించెను. ఉత్సవములలోను జాతరలలోను నాలుగుదినములు సురను చేయుటకు సెలవిచ్చెను. అమ్మకము రాజుది, శుభాశుభకార్యమునకు పెట్టుకొన్న కుండ గృహస్థునిది. ఈ సరిహద్దును పాఠకులు మనస్సున నుంచుకొందురు గాక.

పాశ్చాత్యదేశముల కథయు దీనికి దూరము కాదు. మధ్యయుగమున ఇంగ్లండు పల్లెలలో బార్లీమద్యమును పులియబెట్టుట రొట్టె కాల్చుటవలె స్త్రీలపని. ఇంటికి చాలగా మిగిలినదానిని పొరుగువారికి అమ్ముచుండిరి. ఆ మద్యము కొలది దినములలోనే చెడును గనుక దూరము పోలేదు, పెద్ద వ్యాపారము కాలేదు. హాప్సను తీగపూవులను వేసి కాచు పద్ధతి వచ్చినతరువాత బీరు చాలకాలము నిలువయుండెను. నిలువయున్నది బండ్లెక్కెను, ఓడలెక్కెను. పెట్టుబడి గల పురుషులచేతిలోనికి ఆ పని పోయెను. పన్ను వెంబడించెను. 1880లో గ్లాడ్‌స్టన్ చేసిన శాసనమువలన తన యింట బీరు చేసికొనువాడు సయితము లైసెన్సు తీసికొనవలసివచ్చెను. 1963లో గాని అది రద్దు కాలేదు.

ఇక మన దేశము. 1800లో నిజాము దత్తమండలములను ఈస్టిండియా కుంపిణీకి అప్పగించుటతో కడపసీమ ఆంగ్లపాలనకు వచ్చెను. ఆ పాలనలో మద్యముపై పన్నుల శాఖకు ఆబ్కారి యని పేరు, ఇది పారసీకశబ్దము. చిరకాలము సారా అమ్ముకొను హక్కును వేలము వేసి హెచ్చు పాడినవానికి గుత్తకిచ్చుట ఆచారముగా నుండెను. గుత్తదారుడు సర్కారునకు కట్టవలసిన సొమ్మును, పైగా తన లాభమును, గడువులోపల రాబట్టుకొనవలెను. తన చుట్టుపట్ల ఏ యింట కుండ పులిసినను అది వానికి నష్టమే. 1886నాటి మదరాసు ఆబ్కారి శాసనముతో ఈ కట్టుబాట్లు బిగిసెను. కల్లు గీయు చెట్టునకు పన్ను, అమ్మకమునకు లైసెన్సు, కాచుటకు అనుమతి. నీతికొఱకు ఇంటి కుండను పగులగొట్టలేదు. ఆదాయము చెదరకుండుటకు పగులగొట్టిరి.

ఈ మాట అతిశయోక్తి యని తోచువారు గోదావరి మన్యమున జరిగినదానిని తలచుకొనవలెను. రంప ప్రాంతపు కొండరెడ్లకును కోయలకును జీలుగుకల్లు, తాటికల్లు వేసవిలో ఆహారమువంటివి. చెట్టు కుటుంబముది, కల్లు ఇరుగుపొరుగు వారందఱు కూర్చుండి పంచుకొనునది. అక్కడి మనసబుదారు చిగురుపన్ను అను పేర కల్లుపై పన్ను విధించెను. దానిపై సర్కారు ఆబ్కారి నిబంధనలు వచ్చి, గుత్తదారుని మనుష్యులు కొండలెక్కిరి. తన చెట్టునుండి తన యింటికొఱకు కల్లు దించుకొనుట నేరమయ్యెను. 1879 మార్చిలో చోడవరము చుట్టుపట్ల తిరుగుబాటు రేగెను. కారము తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య మొదలగువారు దానికి నాయకులు. పోలీసుఠాణాలు తగులబడెను, సేనలు వచ్చెను, 1880లో చంద్రయ్య హతుడయ్యెను. అల్లరి అణగినతరువాత దొరతనమువారు మనసబుదారును తొలగించి, చిగురుపన్నును ఎత్తివేసి, ఇకమీద గుత్తదారులను ఆ సీమలోనికి రానీయమని మాట యిచ్చిరి. కౌటిల్యుడు గృహస్థునకు విడిచిన సెలవును మన్యపువారు నెత్తురు ధారపోసి మఱల సంపాదించిరి.

కడపసీమలో అట్టి తిరుగుబాటు లేదు. ఇక్కడ వాగులవెంబడి పెరుగు ఈతచెట్లే కల్లునకు ఆధారము. గీయు పని ఈడిగలది, చెట్టు సర్కారు లెక్కలోనిది, అంగడి వేలములోనిది. కూలివాడు సాయంకాలము కూలిడబ్బులతో మొదట చేరు తావు అంగడియై, అతని యిల్లాలికి మిగులు డబ్బు అంగడివాని దయపై ఆధారపడెను. 1921లో సహాయనిరాకరణోద్యమము వచ్చి, సెప్టెంబరు చివర గాంధిమహాత్ముడు కడప, కర్నూలు పట్టణములకు విచ్చేసిన దినములలో, మద్యపాననివారణము జాతీయధర్మముగా ప్రకటింపబడెను. కల్లుదుకాణములముందు వాలంటీర్లు నిలుచుట, వేలములను బహిష్కరించుట ఆనాటి పద్ధతులు. ఆ విత్తనమునకు 1938 ఫలము.

ఆ ఫలముతోకూడ ఒక ముల్లు వచ్చెను. ఆబ్కారి ఆదాయము తగ్గుటచేత 1939లో మదరాసు ప్రభుత్వము అమ్మకపు పన్నును ప్రవేశపెట్టెను. సర్కారునకు మద్యముపై ఎంత ఆధారమో అప్పుడు అందఱికిని తెలిసెను. యుద్ధకాలమున నిషేధము నిలిపివేయబడి, పిమ్మట మఱల వచ్చి, 1948 అక్టోబరు 2వ తేదీకి రాష్ట్రమంతట వ్యాపించెను. అయితే అంగడి మూసినచోట్ల రహస్యముగా బట్టీలు లేచినవి. ఇక్కడ పాఠకులు ఒక సంగతిని గమనింపవలెను. మరుగున పుట్టినది పూర్వపు కుండ కాదు. పులియుటకు దినములు పట్టు కుండను దాచుట కష్టము. చేసినది త్వరగా చెడును. బరువు ఎక్కువ, వెల తక్కువ. బెల్లము, తెల్లతుమ్మచెక్క వేసి కాచిన నాటుసారా చిన్న సీసాలో ఇముడును, హెచ్చు వెల పలుకును. కావున భయము బట్టీని పెంచినది. శాసనము రెంటిని ఒకటిగా శిక్షించినచోట దొంగవ్యాపారి సహజముగా బలమైనదానినే ఎన్నుకొనును.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రము ఏర్పడెను. రామమూర్తి సంఘము నిషేధమును ఎత్తివేయుమని సలహా యిచ్చెను. గీతపనివారి జీవనోపాధికొఱకు గౌతు లచ్చన్నగారు సత్యాగ్రహమును నడిపిరి. 1954 నవంబరులో కర్నూలు శాసనసభయందు ఒకే యొక వోటు తేడాతో ప్రకాశముపంతులుగారి మంత్రివర్గము కూలిపోయెను. తెలుగువారి మొదటి ప్రభుత్వము కల్లుకుండ తగిలి పడినదని చెప్పినను తప్పులేదు.

తరువాతి కథ పెక్కురు ఎఱిగినదే. 1969లో నిషేధము పోయెను. 1983లో వారుణవాహిని యను పేర సర్కారే సారాను పొట్లములలో పోసి పల్లెలకు పంపెను. గుత్తదారుని అంగడికైన నడిచిపోవలెను; పొట్లము ఇంటిగడపకే వచ్చెను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతాతరగతులకు వచ్చు స్త్రీలు ఆ పొట్లమును ఎదిరించి నిలిచిరి. ఆ యుద్యమము కడప, కర్నూలు సీమలకును ప్రాకెను. పలుచోట్ల వేలములు ఆగిపోయెను. 1993 అక్టోబరు 1న సారా నిషేధింపబడెను. 1995 జనవరి 16న సంపూర్ణనిషేధము వచ్చి 1997లో సడలింపబడెను. 2019లో ప్రభుత్వమే దుకాణములు నడపి, 2024లో వానిని మఱల ప్రైవేటువారికి ఇచ్చెను. ఇంతటి మార్పులలోను మాఱనిది ఒకటి కలదు: ఖజానాకు మద్యము కావలసియుండుట.

ఇప్పుడు ఒక విదేశీయ దృష్టాంతము చెప్పి ముగింతును. అమెరికాలో 1920 మొదలు 1933 వఱకు మద్యనిషేధము నడచెను. అది రద్దయినప్పుడు ఇంట ద్రాక్షమద్యము చేసికొనుటకు అనుమతి కలిగెను గాని బీరునకు కలుగలేదు. 1978లో కార్టరు అధ్యక్షుడు సంతకము చేసిన శాసనమువలన ఆ లోపము తీరెను. ఇంటిలో ఇద్దఱు పెద్దవారున్నచో ఏడాదికి 200 గ్యాలనులవఱకు చేసికొనవచ్చును, అమ్మరాదు. అర్థశాస్త్రపు సరిహద్దు రెండువేల యేండ్లకు పైబడినతరువాత మఱొక ఖండమున కనబడినదన్నమాట. ఆ శాసనమునకు ముందే, 1974లో, లాస్ ఏంజెల్సునందు ఇంట బీరు చేయువారు ఒక సంఘముగా కూడిరి. వారు తాము చేసినదానిని తెచ్చి ఒకరిదానిని మఱొకరికి రుచిచూపి, పులుపెక్కినదా, మొలక మాడినదా, పాత్ర శుభ్రముగా లేదా యని దోషములను నిర్మొగమాటముగా చెప్పుకొందురు. అట్టి సంఘములు నేడు అనేక దేశములలో కలవు. అక్కడ గుక్కకంటె పనియు, పరీక్షయు ముఖ్యము. ఎవరును ఎవరికిని అమ్మరు గనుక ఎక్కువ త్రాగించుటవలన ఎవరికిని లాభము లేదు.

నేను మద్యమును సమర్థించుటకు పూనుకొనలేదు. త్రాగుడువలన కూలిన సంసారముల పిల్లలకు పాఠము చెప్పువానికి ఆ కోరిక ఎట్లు కలుగును? ఇంటి కుండయు నిర్దోషి కాదు. త్రాగి భార్యను కొట్టువాడు దేనిని త్రాగెనను విచారణ ఆమెకు ఊఱట కాదు. నేటి మన రాష్ట్రశాసనము ప్రకారము అనుమతిలేక పులియబెట్టుటయు, కాచుటయు రెండును నేరములే; దానిని మీఱుమని నేను చెప్పను. షెడ్యూల్డు ప్రాంతములలో మాత్రము మద్యవిషయమున గ్రామసభకు అధికారము నొసగు శాసనము 1996లో వచ్చినది. రంపవారు అడిగినదానిలో ఒక భాగము ఇన్నాళ్లకు వారికి దక్కినది.

చరిత్ర చూపునది ఇంతమాత్రము. కుండకు కొన్ని సహజమైన కట్టుబాట్లుండెను. ధాన్యము తన తిండినుండి తీయవలెను, దినములు వేచియుండవలెను, ఒక పండుగో పెండ్లియో ఉండవలెను, పెద్దలయెదుట త్రాగవలెను. అంగడికి ఇందు ఒక్కటియు లేదు. సంస్కర్తలు కట్టుబాటు కలదానిని తిట్టుటకు ఎక్కువ శ్రమపడి, లేనిదానిని వేలములో కొన్నవానిని తక్కువగా విచారించిరి. దూబగుంట స్త్రీలు ఈ పొరపాటు చేయలేదు. వారు త్రాగువానిని మందలించిరి గాని పోరినది అమ్మువానితోను, అమ్మించువానితోను. ఇకముందు మన సీమలో మద్యవిధానము మాఱునపుడెల్ల, దుకాణము తెఱచుటయో మూయుటయో చూచి సంతోషింపక, ఆ యేడు ఖజానా లెక్కలో మద్యపు పద్దు ఎంతయో, అది ఎవరి కూలినుండి వచ్చినదో మన యిండ్లలో చదివి చర్చించుకొనుట మేలు.