బూచాడిని కల్పించిన మనిషి: ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ తొలి అధ్యాయంలో భయ నిర్మాణం

ఆంగ్ల నవలలో భయానికి పాడుబడ్డ కోటనూ నేలమాళిగనూ సమకూర్చి పెట్టింది 1764లో వచ్చిన హొరేస్ వాల్‌పోల్ ‘ది కాసిల్ ఆఫ్ ఒట్రాంటో’. దాదాపు వందేళ్ల తర్వాత చార్లెస్ డికెన్స్ ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ మొదలుపెట్టినప్పుడు ఆ సామగ్రి జోలికి పోలేదు. సాయంకాలం, చర్చి పక్కన శ్మశానం, అవతల కెంట్ ప్రాంతపు బురదనేలలు, ఏడుస్తున్న ఒక పిల్లవాడు. ఇంతే సరంజామా. ఈ అధ్యాయంలో ఎదుట నిలబడ్డ మనిషికంటే ఆ మనిషి అల్లిన కథే ఎక్కువ భయపెడుతుందని నా వాదన.

నవల 1860 డిసెంబరు 1 నుంచి 1861 ఆగస్టు 3 దాకా డికెన్స్ సొంత వారపత్రిక ‘ఆల్ ది ఇయర్ రౌండ్’లో సీరియల్‌గా వచ్చింది. అప్పటికి అందులో నడుస్తున్న చార్లెస్ లీవర్ సీరియల్ పాఠకులకు రుచించక అమ్మకాలు పడిపోతున్నాయి. అందుకే నెలవారీ భాగాలుగా రాద్దామనుకున్న కథను డికెన్స్ వారం వారం ఇవ్వడానికి పూనుకున్నాడు. తొలి పేజీలోనే పాఠకుణ్ణి పట్టుకోవాలి. అదే పత్రికలో అంతకుముందు వచ్చిన ‘ది వుమన్ ఇన్ వైట్’లో విల్కీ కాలిన్స్ వెన్నెల దారిలో నడుస్తున్న కథకుడి భుజం మీద వెనక నుంచి ఒక చెయ్యి వేయించాడు. డికెన్స్ దారి వేరు.

ఆ ఏడుస్తున్న పిల్లవాడు, పెద్దయ్యాక ఈ కథ చెప్పే పిప్, అమ్మానాన్నలను ఎన్నడూ చూడలేదు. సమాధిరాతి మీది అక్షరాల వంపును బట్టి నాన్న ఉంగరాల జుట్టున్న బలిష్ఠుడని ఊహించుకుంటాడు. పక్కనే చనిపోయిన ఐదుగురు సోదరుల చిన్న చిన్న రాళ్లు. (కెంట్‌లోని కూలింగ్ గ్రామపు చర్చి ఆవరణలో పసిపిల్లల సమాధులు పదమూడున్నాయి, డికెన్స్ వాటిని తగ్గించి వాడుకున్నాడంటారు. వాస్తవాన్ని ఉన్నదున్నట్టు రాస్తే అతిశయోక్తి అనిపించే చోట్లలో ఇదొకటి.) ఇక్కడిదాకా గొంతు చమత్కారంగానే ఉంటుంది. ఆ తర్వాత ఒక పొడుగాటి వాక్యం ఇది శ్మశానం, వీళ్లు చచ్చిపోయినవాళ్లు, అది నది, అది సముద్రం అంటూ ఒక్కొక్కదాన్నే గుర్తుపడుతూ పోతుంది. అన్నీ అయ్యాక, చివరన, వణుకుతున్న ఆ చిన్న మూట పిప్ అని తేలుతుంది. తానెవరో తెలియడం, భయపడడం ఈ పిల్లవాడికి ఒకేసారి జరిగాయి. సరిగ్గా అప్పుడు సమాధుల మధ్య నుంచి ఒక గొంతు గద్దిస్తుంది. మనిషి ఆ తర్వాతే కనిపిస్తాడు. 1946లో డేవిడ్ లీన్ తీసిన సినిమాలో పరుగెత్తుతున్న పిల్లవాడు నేరుగా ఆ మనిషికే గుద్దుకుంటాడు. హాలులో కూర్చున్నవాళ్లు ఉలిక్కిపడడానికి అది బాగానే పనికొచ్చింది. కానీ నవలలో ఆ పొడుగాటి వాక్యం చేసిన పని వేరు.

వచ్చినవాడు తప్పించుకున్న ఖైదీ. అతని వర్ణన ఇంకా విచిత్రం. కాలికి ఇనుప సంకెల, తలకు పాతగుడ్డ. నీళ్లలో నానినవాడు, రాళ్లు కోసినవాడు, దురదగొండి కుట్టినవాడు. అన్నీ అతనికి జరిగినవే, అతను చేసినది ఒక్కటీ లేదు. పళ్లు టకటకలాడుతుంటాయి. పిల్లవాణ్ణి తలకిందులుగా ఎత్తి జేబులు దులిపినప్పుడు కథకుడు తాను తలకిందులయ్యానని చెప్పడు, చర్చి తలకిందులైందంటాడు. ఇంకాసేపటికి మీ అమ్మ ఎక్కడ అని అడిగితే పిప్ అక్కడే అని చూపిస్తాడు. ఆ మనిషి వెంటనే పరుగందుకుంటాడు. చూపించింది సమాధిని. నవ్వొచ్చే ఘట్టమే, కానీ బెదిరించేవాడే బెదిరి ఉన్నాడన్న సంగతి అక్కడ బయటపడింది.

అతనికి ఆకురాయి కావాలి, తిండి కావాలి. పిప్ బావ కమ్మరి అని విన్నాక చిక్కల్లా ఒకటే. పిల్లవాడు ఇంటికి వెళ్లిపోతాడు, రాత్రంతా అక్కడే ఉంటాడు. సంకెల కాలితో తాను వెంటపడలేడు. కాబట్టి భయమే పిల్లవాడి వెంట ఇంటిదాకా నడిచి వెళ్లాలి. అందుకు ఒక కుర్రవాణ్ణి సృష్టిస్తాడు. వాడు ఇక్కడే దాక్కుని అంతా వింటున్నాడట. తలుపు గడియ పెట్టుకున్నా, దుప్పటి ముసుగు తన్నినా మెల్లగా వచ్చి గుండే కార్జం పీకి తింటాడట. వాణ్ణి ఆపడం తనకే కష్టంగా ఉందట! అన్నం తినని పిల్లలను బూచాడి పేరుతో బెదిరించే మన అమ్మలకు ఈ కిటుకు కొత్తదేమీ కాదు. బెదిరించేవాడే కాపాడేవాడి వేషం కడతాడు. పాఠకుడు పత్రిక మూసేశాక కూడా వారం పాటు కథ అతనిలో పనిచేయాలని కోరుకునే సీరియల్ రచయితకు ఈ ఖైదీ అవసరం బాగా తెలుసు.

అతను ఎక్కడి నుంచి తప్పించుకొచ్చాడో తొలి అధ్యాయం చెప్పదు. పాత ఓడలను జైళ్లుగా మార్చిన హల్కుల గురించి రెండో అధ్యాయంలో పిప్ అక్క కసురుకుంటూ చెబుతుంది. 1776లో మొదలైన ఆ ఏర్పాటు ఇంగ్లండులో 1857దాకా సాగింది కనుక తొలి పాఠకులకు అదింకా నిన్నటి సంగతే. మొదటి సంచికలో రెండు అధ్యాయాలూ కలిసే వచ్చాయి. అంటే ఆ రహస్యం ఎంతోసేపు దాగలేదు. అయినా భయం తగ్గదు, ఎందుకంటే పిప్‌ను వేధించేది ఖైదీ కాదు, ఆ కుర్రవాడు.

మూడో అధ్యాయం దీనికి సాక్ష్యం. మర్నాడు పొగమంచులో పిప్‌కు సంకెలతోనే మరొకడు ఎదురవుతాడు. వాడే ఆ కుర్రవాడనుకుని పిప్ గుండె కలుక్కుమంటుంది. కార్జం ఎక్కడుంటుందో తెలిసుంటే అక్కడా నొప్పి పుట్టేదే అంటాడు పెద్దయిన పిప్. తిండి అందుకున్న ఖైదీతో ఆ కుర్రవాడికి కొంచెం మిగల్చవా అని పిప్ అడిగితే, అతను తన కల్పనను తానే మరిచిపోయినట్టు ఒక్క క్షణం తడబడి, వాడికి తిండి అక్కర్లేదని నవ్వేస్తాడు. చూస్తే ఆకలిగా ఉన్నట్టే ఉన్నాడని పిప్ అనగానే నమలడం ఆపేస్తాడు. ఎప్పుడు చూశావు, ఎక్కడ చూశావు అంటూ పిల్లవాడి కాలరు పట్టుకుంటాడు.