నేల విడిచిన బీటిల్

జర్మనీలో చదునైన రహదారులను దృష్టిలో పెట్టుకుని రూపొందించిన ఫోక్స్‌వాగన్ బీటిల్ కారు, 1960ల చివరికి మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పంలో రాళ్ళ మీదా ఇసుక మీదా పరుగెత్తే పందెపు బండిగా మారింది. అలా మారడానికి ముఖ్యంగా కావలసింది ఎత్తు. కారు అడుగున అన్నిటికన్నా కిందికి దిగి ఉండే భాగానికీ నేలకూ మధ్య ఉన్న ఎడాన్ని గ్రౌండ్ క్లియరెన్స్ అంటారు. మామూలు బీటిల్‌కు అది 15 సెంటీమీటర్ల ప్రాంతంలో ఉండేది. దానిని పెంచినవారు కొత్త యంత్రాలేవీ కనిపెట్టలేదు. అప్పటికే ఆ కారులో వేరే పనికోసం అమర్చి ఉన్న భాగాలను తమ అవసరానికి వాడుకున్నారు. అంతకుముందు ఒకసారి, రెండో ప్రపంచయుద్ధ కాలంలో, ఇదే కారు ఎత్తు పెరిగినప్పుడూ జరిగింది దాదాపు ఇదే.

ఈ వెసులుబాటుకు మూలం ఫెర్డినాండ్ పోర్షే డిజైన్ కార్యాలయం 1931లో పేటెంటు పొందిన టార్షన్ బార్ విధానం. తెలుగువారికి లారీల కింద కనిపించే కమాన్లు పరిచితమే. ఒకదానిమీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు వంగి, గతుకుల దెబ్బను తాము తీసుకుంటాయి. టార్షన్ బార్ మాత్రం వంగదు, మెలితిరుగుతుంది. బండికి అడ్డంగా అమర్చిన ఉక్కు కడ్డీని ఒక కొసన చట్రానికి బిగించి, రెండో కొసకు చక్రాన్ని మోసే చేతిని తగిలిస్తే, చక్రం పైకి లేచినప్పుడల్లా కడ్డీ మెలిక పడి, మళ్ళీ దానంతట అదే విప్పుకుంటుంది. ఈ ఏర్పాటు తక్కువ చోటులో ఇముడుతుంది, బరువూ తక్కువ. చేతిని ఏ కోణంలో తగిలించారన్న దాన్నిబట్టి బండి నిలిచే ఎత్తు మారుతుంది. బీటిల్ తర్వాతి చరిత్రకంతటికీ ఈ చివరి లక్షణమే కీలకం.

మొదటిసారి ఎత్తు పెంచింది సైన్యం కోసం. 1940లో ఉత్పత్తికి వచ్చిన కూబెల్‌వాగన్ అనే సైనిక వాహనం (దీని కర్మాగారపు సంఖ్య టైప్ 82) బీటిల్ యంత్ర భాగాల మీదే తయారైంది. నడిచి వెళ్ళే సిపాయిల పక్కన వారి అడుగు వేగంతోనే, అంటే గంటకు సుమారు 4 కిలోమీటర్ల చొప్పున, ఇంజను ఆగకుండా సాగాలని సైన్యం కోరింది. అందుకని ఇంజనీర్లు వెనుక చక్రాల బొడ్డు దగ్గరే అదనపు పళ్ళచక్రాల జతలను అమర్చి వేగాన్ని తగ్గించారు. వీటికి రిడక్షన్ గేర్లని పేరు. పై పళ్ళచక్రాన్ని ఇరుసు తిప్పితే, కింది పళ్ళచక్రం రోడ్డు చక్రాన్ని తిప్పుతుంది కనుక, ఇరుసు చక్రపు మధ్యబిందువు కంటే పైకి లేచింది, దానితోపాటు బండీ లేచింది. ముందు చక్రాల కుదుళ్ళను కూడా అందుకు తగినట్టు కిందికి దించడంతో, నేలకూ అడుగుకూ మధ్య ఎడం మామూలు బీటిల్‌తో పోలిస్తే దాదాపు రెట్టింపయింది. నెమ్మదిగా నడవమని కోరితే ఎత్తు కలిసి వచ్చిందన్నమాట. ఈ చట్రం మీద బీటిల్ పైభాగాన్ని బిగించిన టైప్ 82ఈ అనే రకం కూడా తయారైంది కాబట్టి, ఎత్తు పెంచిన మొదటి బీటిల్ కాలిఫోర్నియా కుర్రకారు చేతిలో పుట్టలేదు, సాక్షాత్తూ కర్మాగారంలోనే పుట్టింది. యుద్ధం ముగిశాక 1950లో వచ్చిన ట్రాన్స్‌పోర్టర్ వ్యానుకు కూడా, బరువు లాగడానికని, ఈ రిడక్షన్ గేర్లనే వాడి, 1967 దాకా కొనసాగించారు.

రెండో ఘట్టం అమెరికా పడమటి తీరానిది. యుద్ధానంతర దశాబ్దాలలో అక్కడ బీటిళ్ళు లక్షల సంఖ్యలో అమ్ముడై, పాతబడినవి చౌకగా దొరకసాగాయి. ఇంజను వెనుక చక్రాల మీదే కూర్చుని ఉండటంతో ఇసుకలో పట్టు దొరికేది. గాలితో చల్లబడే ఇంజను కనుక పగిలిపోవడానికి రేడియేటర్ లేదు. అడుగు చదునైన రేకు పళ్ళెంలా ఉండి రాళ్ళ మీద జారిపోయేది. 1960ల మధ్యలో బ్రూస్ మేయర్స్ అనే పడవల తయారీ నిపుణుడు ఫైబర్‌గ్లాస్ పైభాగంతో మేయర్స్ మాంక్స్ అనే ఇసుకబండిని, కురచ చేసిన బీటిల్ చట్రం మీద బిగించేలా తయారుచేశాడు. 1967 అక్టోబరు 31న ప్రారంభమై టిహువానా నుంచి లా పాస్ వరకు సాగిన మెక్సికన్ 1000 పందెంలో విక్ విల్సన్, టెడ్ మాంగెల్స్ నడిపిన మాంక్స్ 27 గంటల 38 నిమిషాలలో గమ్యం చేరి గెలిచింది. ద్వీపకల్పం పొడవునా తారురోడ్డు పూర్తయింది 1973లో కనుక, ఆ పందెం చాలా భాగం మట్టిదారుల్లోనే సాగిందని గుర్తుంచుకోవాలి. మాంక్స్ కొనలేనివారు, పైభాగం మార్చడం ఇష్టంలేనివారు తమ బీటిల్ చక్రాలపై కప్పే రెక్కలను కత్తిరించి, ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేసుకున్నారు. అదే బాహా బగ్.

వెనుక ఎత్తు పెంచే పద్ధతి చెప్పుకోదగినది. బీటిల్ వెనుక టార్షన్ బార్‌కు లోపలి కొసన 40, బయటి కొసన 44 పళ్ళుంటాయి. లోపలి కొసను ఒక పన్ను తిప్పితే 9 డిగ్రీలు, బయటి కొసను ఒక పన్ను తిప్పితే 8 డిగ్రీల పైచిలుకు కోణం మారుతుంది. ఒకదాన్ని ముందుకీ మరొకదాన్ని వెనక్కీ తిప్పితే మిగిలే తేడా ఒక డిగ్రీ కూడా ఉండదు, సుమారు 50 నిమిషాలు మాత్రమే (డిగ్రీలో అరవయ్యో వంతును నిమిషమంటారు). రెండు కొసల పళ్ళ సంఖ్యలు వేరుగా పెట్టడం వల్ల కర్మాగారంలో కారు నిలకడ కోణాన్ని అతి సూక్ష్మంగా సరిచేయగలిగేవారు. ఎడారి బండ్లవారికి ఆ సూక్ష్మత అక్కరలేదు. ఒక్క కొసన ఒక్క పన్ను జరిపితే చాలు, చక్రం దగ్గర అయిదారు సెంటీమీటర్ల ఎత్తు వచ్చిపడేది. కొత్త భాగం కొనవలసిన పని లేదు. అయితే కడ్డీ బిగువులో ఉంటుంది కనుక దాన్ని విప్పడం ప్రమాదంలేని పనేమీ కాదు. ముందు వైపు ఇంత తేలిక కాదు. అక్కడ ఒకదానిపై ఒకటి ఉన్న రెండు గొట్టాలలో సన్నని ఉక్కు పట్టీల కట్టలు నడిమిన బిగించి ఉంటాయి. గొట్టాన్ని మధ్యలో కోసి, కాస్త తిప్పి, మళ్ళీ వెల్డింగ్ చేయవలసి వచ్చేది. తర్వాత్తర్వాత మరమేకుతో ఎత్తు మార్చుకునే అమరికలను అమ్మకానికి తెచ్చారు.

ఎత్తు ఉచితంగా రాలేదు. పాత బీటిళ్ళ వెనుక ఇరుసుకు గేర్‌బాక్సు దగ్గర ఒక్కటే కీలు ఉంటుంది. దీనిని స్వింగ్ యాక్సిల్ అంటారు. బండి లేచినకొద్దీ ఇరుసు కిందికి వాలి, చక్రాల అడుగులు లోపలికి ముడుచుకుంటాయి. మలుపులో అవి మరింత ముడుచుకుని, బండి బోల్తాపడే స్థితి ఏర్పడవచ్చు. చక్రం ఒక హద్దు దాటి కిందికి దిగకుండా పటిష్ఠమైన పట్టీలు కట్టడం అప్పుడు వాడుకలోకి వచ్చిన ఉపాయం. అమెరికాలో 1969 మోడల్ నుంచి ఇరుసుకు రెండేసి కీళ్ళు రావడంతో చక్రం నిటారుగా నిలవసాగింది కానీ, భారమంతా ఆ కీళ్ళ మీద పడింది. అవి ఎక్కువ కోణంలో తిరగలేక అరిగిపోయేవి కనుక వ్యాను కీళ్ళను తెచ్చి వేశారు. ముందు వైపు 1966 మోడల్‌తో వచ్చిన బాల్‌జాయింట్లకు వంగే పరిధి తక్కువ కావడంతో, అంతకు ముందరి కింగ్‌పిన్ అమరిక ఉన్న పాత కార్లకే ఎడారివారు ప్రాధాన్యమిచ్చారు. పాతదే మేలనే ఈ నిర్ణయంలో మమకారం పాలు తక్కువ, లెక్క పాలు ఎక్కువ.

భారతదేశంలో బండి ఎత్తు పెంచుకోవాలన్న కోరిక బీటిల్‌తో కాక 1985లో వచ్చిన మారుతి జిప్సీతో తీరింది. దాని కమాన్లు ఇరుసు కింద ఉంటాయి. వాటిని ఇరుసు పైకి మారిస్తే బండి ఒక్కసారిగా లేస్తుంది, కానీ ఇరుసు మాత్రం ఉన్నచోటే ఉంటుంది కనుక దాని నడిమి గేరుపెట్టె రాళ్ళకు తగలకుండా పెద్ద టైర్లు వేయక తప్పదు. బీటిల్‌లో గేర్‌బాక్సు చట్రంతోపాటే పైకి పోతుంది కాబట్టి ఆ ఇబ్బంది అంతగా లేదు. ఇక్కడ మాత్రం 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ తయారీదారు నిర్దేశించిన వాటికీ తేడా వచ్చే మార్పులను నిషేధిస్తుంది.

మెక్సికోలోని ప్వెబ్లా కర్మాగారంలో 2003 జూలైలో చివరి పాత బీటిల్ తయారైంది. బాహా పందేలలో విపరీతంగా మార్చిన బీటిళ్ళకు 5వ తరగతి, మూల రూపానికి దగ్గరగా ఉండేవాటికి 11వ తరగతి కొనసాగుతున్నాయి. 11వ తరగతి బండ్లు అన్నిటికన్నా నెమ్మదైనవి. పందెం గెలవడం మాట అలా ఉంచి, గడువులోగా గమ్యం చేరడమే వాటికి ఘనకార్యం. ఆ తరగతిలో సస్పెన్షన్ పద్ధతి మార్చడం చెల్లదు. అందువల్ల ఎత్తు కావలసినవారు నేటికీ టార్షన్ బార్‌ను ఊడదీసి, పళ్ళు జరిపి తిరిగి బిగించుకుంటున్నారు.