ధూపదాని: పేరు, పని, అలంకారం

కామారెడ్డి, ఎల్లారెడ్డి పట్టణాల పేర్లను దోమకొండ సంస్థానాన్ని ఏలిన కామినేని వంశపు అన్నదమ్ములతో ముడిపెట్టే వాడుక ఉంది. ఆ వంశీయుడైన మల్లారెడ్డి ‘షట్చక్రవర్తి చరిత్రము’, ‘శివధర్మోత్తరము’ రచించిన కవి. దోమకొండ కోటలో మహాదేవుని ఆలయం ఉంది. షోడశోపచారాలలో ధూపం ఒకటి కనుక ఇక్కడ ధూపపాత్ర ప్రధానంగా పూజాద్రవ్యం. నిప్పులు నిలవాలి, సాంబ్రాణి కాలాలి, పొగ వెలికి రావాలి. అందం ఆ తరువాతి మాట.

ఈ పాత్రకు తెలుగులో స్థిరపడిన పేరు గమనింపదగినది. ‘ధూపదాని’లో ధూపం సంస్కృతం, ‘దాని’ పారశీక ప్రత్యయం. ‘ఊదుబత్తి’లోని ఊదు అగరు చెక్కకు అరబ్బీ పేరైన ‘ఊద్’. గుడి, దర్గా పక్కపక్కన నిలిచిన దక్కను చరిత్ర ఈ రెండు మాటలలోనే ఇమిడి ఉంది. నిఘంటుకారులు దీనికి ఇవ్వవలసినంత చోటు ఇవ్వలేదనిపిస్తుంది.

ఇదే పాత్ర పద్దెనిమిదవ శతాబ్దపు ఫ్రాన్సులో మరో దారి పట్టింది. ‘బ్రూల్ పర్ఫ్యాఁ’ అంటే పరిమళాన్ని కాల్చేది. పియెర్ గూతియేర్ 1774–75 ప్రాంతంలో ఎర్రని జాస్పర్ శిలకు బంగారు పూత కంచును అమర్చి చేసిన పాత్రను 1782 వేలంలో మరీ ఆంత్వానెత్ 12,000 లివ్రలకు కొన్నది. అది నేడు లండన్ వాలెస్ కలెక్షన్‌లో ఉంది. ముక్కాలి పీఠం, సెటైర్ తలలు, నడుమ చుట్టుకొన్న పాము: ఇవన్నీ ప్రాచీన గ్రీకు రోమను త్రిపాదుల స్మృతులు. పాదరసంలో కరిగించిన బంగారాన్ని కంచుపై పూసి, వేడితో పాదరసాన్ని ఆవిరి చేసేవారు. ఆ తళుకుకు మూల్యం పనివారి ఆరోగ్యం.

పాలరాయి, కంచు కలిపి చేసిన చిన్న ‘కాసొలెత్’ల మూతలు కొన్ని తిరగేస్తే కొవ్వొత్తి గూళ్లవుతాయి. మూతకు రంధ్రాలే లేనివీ ఉన్నాయి. వీటిలో చాలావరకు ధూపం ఎన్నడూ వేయలేదు. ఆకారం నిలిచింది, పని పోయింది.

కనుక సంస్థానాల, గడీల వస్తువులకు తెలుగులో పట్టికలు రాసేవారు ఆకృతిని చూసి ‘ధూపదాని’ అని రాయడం చాలదు. మూత చిల్లులు లోపలి దాకా ఉన్నాయా, నిప్పులకు వేరుగా లోహపు గిన్నె అమర్చారా, మసి జాడ ఉందా అన్నవి చూడాలి. ఈ మూడూ లేనిదానిని ‘అలంకార కలశం’ అనడమే సబబు.